కార్నివాల్ ట్రయంఫ్: నాలుగు రోజుల విహారం ఎనిమిది రోజులు ఎందుకు సాగింది? క్రూజ్ టికెట్ ప్రయాణికుడికి ఏ హామీ ఇస్తుంది?

2013 ఫిబ్రవరి 7, గురువారం. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం గాల్వెస్టన్ ఓడరేవు నుంచి 'కార్నివాల్ ట్రయంఫ్' అనే విహార నౌక బయలుదేరింది. అందులో 3,143 మంది ప్రయాణికులు, 1,086 మంది సిబ్బంది ఉన్నారు. మెక్సికోలోని కోజుమెల్ ద్వీపాన్ని చూసి సోమవారానికల్లా తిరిగి రావాలన్నది ప్రణాళిక. పెళ్లిరోజు జరుపుకొనే దంపతులు, స్నేహితుల బృందాలు, పిల్లాపాపలతో వచ్చిన కుటుంబాలు ఆ నౌక ఎక్కారు.

వారు మళ్లీ నేల మీద కాలు పెట్టింది ఫిబ్రవరి 14 రాత్రి. అది కూడా గాల్వెస్టన్‌లో కాదు, వందల కిలోమీటర్ల దూరంలోని అలబామా రాష్ట్రపు మొబీల్ రేవులో.

ఈ ఘటనలో ఎవరూ ప్రాణాలు కోల్పోలేదు. అయినా క్రూజ్ విహారాల చరిత్రలో అత్యంత చేదు అనుభవాలలో ఒకటిగా అది మిగిలిపోయింది. 2025లో నెట్‌ఫ్లిక్స్ దీనిపై ఒక డాక్యుమెంటరీని కూడా విడుదల చేసింది. అయితే మురుగు, దుర్గంధం గురించి జరిగినంత చర్చ మరో ప్రశ్న గురించి జరగలేదు. డబ్బు చెల్లించి నౌక ఎక్కిన ప్రయాణికుడికి ఆ టికెట్ నిజంగా ఏ హక్కులు ఇస్తుంది?

విశాఖపట్నం, చెన్నై, ముంబయి రేవుల నుంచి క్రూజ్ ప్రయాణాలు సాగుతున్న ఈ రోజుల్లో ఇది తెలుగువారికీ సంబంధించిన ప్రశ్నే.

ఆ తెల్లవారుజామున ఏం జరిగింది?

ఫిబ్రవరి 10, ఆదివారం. కోజుమెల్ చూసుకుని నౌక తిరుగుముఖం పట్టింది. తెల్లవారుజామున సుమారు ఐదున్నర గంటలకు వెనుకవైపు ఇంజిన్ గదిలో మంటలు చెలరేగాయి. నౌకలోని అగ్నిమాపక వ్యవస్థ వాటిని ఆర్పివేసింది. మంటల వల్ల ఎవరికీ గాయాలు కాలేదు.

అయితే ఆ మంటలు విద్యుత్ వ్యవస్థను దెబ్బతీశాయి. నౌక ముందుకు కదిలే శక్తిని కోల్పోయి మెక్సికో అఖాతంలో నిలిచిపోయింది.

ఆరో నంబరు ఇంజిన్‌కు చెందిన ఇంధన గొట్టం ఒకటి కారడమే మంటలకు కారణమని అమెరికా తీర రక్షక దళం తర్వాత వెల్లడించింది. నౌక బహామాస్ దేశంలో నమోదైనది కాబట్టి దర్యాప్తుకు నాయకత్వం వహించే బాధ్యత ఆ దేశానిదే అయింది. అమెరికా సంస్థలు అందులో భాగస్వాములయ్యాయి. అమెరికా రేవు నుంచి అమెరికన్లనే ఎక్కువగా ఎక్కించుకుని బయలుదేరినా, కాగితాల మీద అది బహామాస్ నౌక.

ఇంధన గొట్టాలు కారే ప్రమాదం గురించి ఆ ఏడాది జనవరిలోనే కార్నివాల్ సంస్థ తన నౌకలను అప్రమత్తం చేసిందని తర్వాత కోర్టు పత్రాల ద్వారా బయటపడింది. అయితే తాము నిబంధనలన్నీ పాటించామని, ఇది అనుకోకుండా జరిగిన ప్రమాదమని సంస్థ వాదించింది.

కరెంటు పోతే నౌకలో ఏమవుతుంది?

ఇంట్లో కరెంటు పోతే దీపాలు, ఫ్యాన్లు ఆగుతాయి. విహార నౌకలో కరెంటు పోతే దాదాపు అన్నీ ఆగిపోతాయి.

ట్రయంఫ్ వంటి నౌకలలో డీజిల్ ఇంజిన్లు నేరుగా ప్రొపెల్లర్లను తిప్పవు. అవి విద్యుత్తును ఉత్పత్తి చేస్తాయి. ఆ విద్యుత్తే ప్రొపెల్లర్లను తిప్పే మోటార్లకు, వంటశాలలకు, శీతల గిడ్డంగులకు, ఏసీలకు, లిఫ్టులకు, నీటి పంపులకు అందుతుంది. అంటే నౌకను నడిపేదీ, అందులోని మనుషులను బతికించేదీ ఒకే వ్యవస్థ.

మరుగుదొడ్లు సైతం దాని మీదే ఆధారపడతాయి. విహార నౌకలలో నీటిని ఆదా చేయడానికి గాలి పీడనంతో మలినాలను లాగే మరుగుదొడ్లు వాడతారు. ఆ పీడనాన్ని సృష్టించే యంత్రాలు ఆగితే వేలాది మంది వాడే మరుగుదొడ్లు ఒక్కసారిగా పనిచేయడం మానేస్తాయి. ట్రయంఫ్‌లో జరిగింది అదే.

అత్యవసర జనరేటర్ ఉన్నప్పటికీ, అది కొన్ని దీపాలకు, సమాచార సాధనాలకు, భద్రతా వ్యవస్థలకు సరిపోయేంత శక్తినే ఇస్తుంది. వేలాది మంది దైనందిన అవసరాలను తీర్చడం కోసం దాన్ని అమర్చరు.

మూత్ర విసర్జనకు స్నానపు గదులను, మల విసర్జనకు ఎర్రటి ప్లాస్టిక్ సంచులను వాడుకోవాలని ప్రయాణికులకు చెప్పారు. కొన్ని చోట్ల మురుగు నీరు నడవాల్లోకి పొంగింది. ఏసీ లేక లోపలి గదుల్లో ఉక్కపోత భరించలేక జనం పరుపులు, దుప్పట్లు తెచ్చుకుని డెక్‌ల మీద పడుకున్నారు. ఆహారం కోసం పొడవాటి వరుసల్లో నిలబడ్డారు.

ఈ పరిస్థితిలోనూ సిబ్బంది చూపిన ఓర్పును ప్రయాణికులలో చాలామంది ఆ తర్వాత మెచ్చుకున్నారు. మురుగును ఎత్తిపోసింది, సంచులను మోసింది, తిట్లను భరించింది వారే. విహార నౌకల సిబ్బందిలో భారతీయులూ ఎక్కువగానే ఉంటారు. 2020 ఫిబ్రవరిలో కరోనా వ్యాప్తి వల్ల జపాన్‌లోని యోకొహామా రేవులో 'డైమండ్ ప్రిన్సెస్' నౌకను నిర్బంధంలో ఉంచినప్పుడు అందులో ఉన్న 138 మంది భారతీయులలో 132 మంది సిబ్బందే.

తీరం చేరడానికి అన్ని రోజులు ఎందుకు పట్టింది?

నౌకను మెక్సికోలోని ప్రోగ్రెసో రేవుకు లాక్కెళ్లాలని మొదట నిర్ణయించారు. అప్పటికి అదే దగ్గర. కానీ టగ్‌బోట్లు వచ్చేలోగా సముద్ర ప్రవాహాలు నౌకను ఉత్తరంగా చాలా దూరం నెట్టుకెళ్లాయి. దాంతో మొబీల్ రేవుకు తీసుకెళ్లడమే మేలని సంస్థ భావించింది. పాస్‌పోర్టు లేకుండా వచ్చిన ప్రయాణికులు వందల సంఖ్యలో ఉండటం మరో కారణం. అమెరికా పౌరులు ఇలాంటి ప్రయాణాలకు పాస్‌పోర్టు లేకుండా వేరే గుర్తింపు పత్రాలతో వెళ్లవచ్చు. కానీ మెక్సికోలో దిగి విమానంలో స్వదేశానికి చేరాలంటే పాస్‌పోర్టు కావాలి.

లక్ష టన్నులకు పైబడిన నౌకను టగ్‌బోట్లు లాగుతుంటే వేగం మనిషి నడకను మించి పెద్దగా ఉండదు. దారిలో లాగుడు తాడు ఒకసారి తెగింది. చివరికి గురువారం రాత్రి తొమ్మిది గంటలు దాటాక నౌక రేవుకు చేరింది. పనిచేస్తున్న లిఫ్టు ఒక్కటే కావడంతో అందరూ దిగేసరికి అర్ధరాత్రి దాటింది. అక్కడి నుంచి మళ్లీ గంటల తరబడి బస్సు ప్రయాణం.

సంస్థ ఏమిచ్చింది?

ప్రయాణ ఖర్చు మొత్తాన్ని తిరిగి ఇస్తామని, అంతే విలువైన మరో విహారానికి అవకాశం కల్పిస్తామని, నౌకలో చేసిన ఖర్చులలో అధిక భాగాన్ని వాపసు ఇస్తామని, ఇంటికి చేర్చే ఖర్చు భరిస్తామని కార్నివాల్ ప్రకటించింది. వీటికి తోడు ఒక్కొక్కరికి 500 డాలర్లు ఇచ్చింది. సంస్థ అధినేత స్వయంగా నౌకలోకి వెళ్లి క్షమాపణ చెప్పారు.

ఇది చాలదంటూ కొందరు కోర్టుకు వెళ్లారు. అప్పుడే టికెట్ అసలు స్వరూపం బయటపడింది.

సురక్షిత ప్రయాణం, ప్రయాణానికి యోగ్యమైన నౌక, సరిపడా శుభ్రమైన ఆహారం, ఆరోగ్యకరమైన వసతి వంటివాటికి టికెట్ ఒప్పందం ఎలాంటి హామీ ఇవ్వడం లేదని సంస్థ తరఫు న్యాయవాదులు కోర్టుకు సమర్పించిన పత్రాల్లో వాదించారు. ప్రకటనల్లో కనిపించే నీలి సముద్రం, విందు భోజనాలు, చిరునవ్వులు ఆ ఒప్పందంలో భాగం కావన్నది దాని సారాంశం.

2015లో అమెరికా ఫెడరల్ కోర్టు కొందరు ప్రయాణికులకు నష్టపరిహారం మంజూరు చేసింది. అయితే అది వారు అడిగిన మొత్తం కంటే చాలా తక్కువ.

టికెట్ అంటే ఏమిటి?

సినిమా టికెట్, బస్సు టికెట్ వంటిదే క్రూజ్ టికెట్ కూడా అని చాలామంది అనుకుంటారు. కానీ చట్టం దృష్టిలో అది అనేక పేజీల ఒప్పందం. ఆన్‌లైన్‌లో 'అంగీకరిస్తున్నాను' అన్న గడిలో టిక్ పెట్టగానే అది అమల్లోకి వస్తుంది.

అందులో సాధారణంగా కనిపించే షరతులు ఇవి.

మొదటిది, మార్గం మార్చే హక్కు. వాతావరణం, యంత్ర లోపం, రేవు అధికారుల అభ్యంతరం, భద్రత వంటి కారణాలతో ఏ రేవునైనా వదిలివేసే, ప్రయాణాన్ని కుదించే అధికారం సంస్థకు ఉంటుంది. రేవు తప్పిపోతే ప్రయాణికుడికి చాలా సందర్భాల్లో వాపసు వచ్చేది ఆ రేవుకు సంబంధించిన పన్నులు, రుసుములు మాత్రమే.

రెండోది, గడువు. జరిగిన నష్టాన్ని ఇన్ని రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలని, ఇంత కాలంలోగా దావా వేయాలని ఒప్పందం చెబుతుంది. ఆ గడువు సాధారణ చట్టాలు ఇచ్చే సమయం కంటే తక్కువగా ఉండవచ్చు.

మూడోది, ఏ ఊరి కోర్టులో దావా వేయాలన్న నిబంధన. దీనిపై అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఒక కీలక తీర్పు ఇచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ఒక ప్రయాణికురాలు మెక్సికో తీరంలో కార్నివాల్ నౌకలో జారిపడి గాయపడ్డారు. ఆమె తన రాష్ట్రంలో దావా వేశారు. వివాదం ఏదైనా ఫ్లోరిడా కోర్టుల్లోనే తేల్చుకోవాలని టికెట్‌పై ఉందని సంస్థ అభ్యంతరం చెప్పింది. బేరమాడే అవకాశం లేని, ముద్రించిన షరతే అయినప్పటికీ అది చెల్లుతుందని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దేశానికి ఒక మూలన ఉండే కుటుంబం న్యాయం కోసం మరో మూలకు వెళ్లాలి. వేల డాలర్ల ఖర్చుకు వెరసి చాలామంది దావా ఆలోచనే మానుకుంటారు.

ట్రయంఫ్ తర్వాత ఏం మారింది?

మూడు మార్పులు చెప్పుకోదగ్గవి.

2013 ఏప్రిల్‌లో కార్నివాల్ తన నౌకలలో అత్యవసర విద్యుత్ వ్యవస్థలు, అగ్నిమాపక సాధనాల మెరుగుదలకు 30 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని ప్రకటించింది.

మే నెలలో క్రూజ్ సంస్థల అంతర్జాతీయ సంఘం 'ప్రయాణికుల హక్కుల పత్రం' ఒకటి విడుదల చేసింది. నౌక రేవులో ఉన్నప్పుడు ఆహారం, నీరు, మరుగుదొడ్లు, వైద్యం వంటి కనీస సౌకర్యాలు అందించలేకపోతే దిగిపోయే హక్కు, యంత్ర లోపంతో ప్రయాణం రద్దయితే పూర్తి సొమ్ము, మధ్యలో ఆగిపోతే కొంత సొమ్ము వాపసు పొందే హక్కు, అలాంటప్పుడు ఇంటికో, దిగాల్సిన రేవుకో చేర్చే రవాణా పొందే హక్కు అందులో ఉన్నాయి. అయితే ఇది ప్రభుత్వం చేసిన చట్టం కాదు, సంస్థలు తమకు తాముగా ఇచ్చిన మాట. యంత్ర లోపం గురించి మాట్లాడే ఆ పత్రం, రేవు తప్పిపోయినప్పుడు కలిగే నిరాశ గురించి ఏ హామీ ఇవ్వదు.

మూడోది ట్రయంఫ్ ఘటనకు ముందే వచ్చినా, దాని ప్రాధాన్యం ఆ తర్వాతే సామాన్యులకు తెలిసింది. ఒక భాగంలో మంటలు వచ్చినా, నీరు చేరినా మిగతా వ్యవస్థలతో నౌక తనంతట తాను రేవు చేరగలగాలని, అప్పటిదాకా ప్రయాణికులకు కనీస వసతులు అందాలని అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం నిర్దేశిస్తోంది. 2010 జులై 1న గానీ ఆ తర్వాత గానీ నిర్మాణం మొదలైన పెద్ద ప్రయాణికుల నౌకలకే ఇది వర్తిస్తుంది. ట్రయంఫ్ 1999లో సేవలోకి వచ్చింది. అందువల్ల అది ఆ నిబంధన పరిధిలోకి రాలేదు. అలాంటి పాత నౌకలు ప్రపంచ సముద్రాలలో ఇప్పటికీ తిరుగుతున్నాయి.

విశాఖ ప్రయాణికుల అనుభవం

క్రూజ్ నిరాశ అన్నిసార్లూ మంటలతోనే రాదు. చూద్దామనుకున్న ఊరు దూరం నుంచే దాటిపోవడం కూడా నిరాశే.

2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి 'ఎంప్రెస్' అనే విహార నౌక ప్రయాణాలు మొదలయ్యాయి. తెలుగు రాష్ట్రాల ప్రజలకు తమ తీరం నుంచే విహార నౌక ఎక్కే అవకాశం అది. నౌకలో క్యాసినో ఉందంటూ పుదుచ్చేరిలో రాజకీయ పార్టీలు ఆందోళనకు దిగాయి. అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. అప్పట్లో తెలంగాణ గవర్నర్‌గా ఉంటూ పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్ అదనపు బాధ్యతలు చూస్తున్న తమిళిసై సౌందరరాజన్ కూడా నౌకకు అనుమతి లేదని చెప్పారు. దాంతో ప్రయాణికులు పుదుచ్చేరిలో దిగకుండానే నౌక చెన్నై దారి పట్టింది.

ఇక్కడ నౌక చెడిపోలేదు, భోజనానికీ లోటు రాలేదు. అయినా పుదుచ్చేరి చూడాలని ఎక్కినవారికి ప్రయాణంలో ప్రధాన భాగమే జారిపోయింది. 'రేవు అధికారుల అభ్యంతరం' అన్న షరతు కాగితం మీద ఎంత చిన్నదో, అనుభవంలో ఎంత పెద్దదో ఈ ఉదంతం చూపించింది. 2025 జులైలో గానీ అదే మార్గంలో వెళ్లిన క్రూజ్ ప్రయాణికులు పుదుచ్చేరిలో దిగలేకపోయారు.

ఈలోగా 2023 సెప్టెంబరులో విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2024 సెప్టెంబరు 30న కేంద్రం 'క్రూజ్ భారత్ మిషన్'ను మొదలుపెట్టింది. 2029 నాటికి దేశంలో క్రూజ్ ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయడం దాని లక్ష్యం. అంటే మున్ముందు మరిన్ని తెలుగు కుటుంబాలు ఇలాంటి ఒప్పందాల మీద టిక్ పెట్టబోతున్నాయి.

భారత చట్టం ఏమంటోంది?

ఈ విషయంలో భారత వినియోగదారుడి పరిస్థితి ఆ వాషింగ్టన్ ప్రయాణికురాలి కంటే కొంత మెరుగు.

2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం, ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే ప్రాంతంలోని వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కంపెనీ ముంబయిలో ఉన్నా కరీంనగర్ వాసి కరీంనగర్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయలు మించకపోతే జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల రూపాయల వరకు ఫిర్యాదు రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవడమూ తప్పనిసరి కాదు. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి.

'అన్యాయమైన ఒప్పందం' అన్న భావనను కూడా ఈ చట్టమే ప్రవేశపెట్టింది. వినియోగదారుడి హక్కులను గణనీయంగా దెబ్బతీసే, అతనిపై అసమంజసమైన భారం మోపే షరతులను రాష్ట్ర, జాతీయ కమిషన్ల ముందు సవాలు చేయవచ్చు. వివాదాన్ని మధ్యవర్తి ద్వారానే తేల్చుకోవాలన్న షరతు ఒప్పందంలో ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరం తలుపులు మూసుకుపోవని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

అయితే పరిమితులూ ఉన్నాయి. వాతావరణం వల్ల రేవు తప్పితే అది సేవా లోపమని నిరూపించడం కష్టం. అనుమతి రాలేదని ముందే తెలిసీ ఆ రేవు పేరు చెప్పి టికెట్లు అమ్మితే మాత్రం వాదన బలపడుతుంది. విదేశీ సంస్థ విషయంలో తీర్పు సాధించడం ఒక ఎత్తయితే, దాన్ని అమలు చేయించుకోవడం మరో ఎత్తు. భారత్‌లోని ఏజెంట్ ద్వారా టికెట్ కొన్నప్పుడు ఆ ఏజెంట్‌ను కూడా ప్రతివాదిగా చేర్చే వీలుంటుంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

టికెట్ కొనేముందు ఏం చూడాలి?

ప్రకటనలో కనిపించే ధర చాలాసార్లు గదికీ, సాధారణ భోజనానికీ మాత్రమే. రేవు రుసుములు, సిబ్బందికి ఇచ్చే సేవా రుసుము, పానీయాలు, ఇంటర్నెట్, రేవుల్లో దిగి ఊరు చూసే యాత్రలు విడిగా ఉండవచ్చు. వీటన్నింటినీ కలిపి లెక్క వేసుకుంటే గానీ అసలు ఖర్చు తెలియదు.

రద్దు, వాపసు, మార్గం మార్పు షరతులను టికెట్ కొనకముందే చదవాలి. చెల్లింపు రోజున కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న ప్రయాణ వివరాలను, ప్రకటనను ఫొటో తీసి దాచుకోవాలి. రేపు వివాదం వస్తే ఏ మాట చెప్పి టికెట్ అమ్మారో రుజువు చేసేది అదే.

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు రేవు తప్పడం, ప్రయాణం మధ్యలో ఆగిపోవడం అందులో ఉన్నాయో లేదో అడగాలి. విదేశీ రేవులకు వెళ్లే నౌకలైతే పాస్‌పోర్టు, వీసాలు ప్రణాళికలో లేని రేవులో దిగాల్సి వచ్చినా పనికొచ్చేలా ఉన్నాయా అని చూసుకోవాలి. నిత్యం వాడే మందులను ప్రయాణ దినాల కంటే నాలుగైదు రోజులకు ఎక్కువగా వెంట ఉంచుకోవాలి. ట్రయంఫ్‌లో నాలుగు రోజులకని వెళ్లినవారు వారం పైగా ఉండాల్సి వచ్చింది.

సమస్య ఎదురైనప్పుడు నౌకలోనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, దాని నకలు తీసుకోవాలి. ఇంటికి వచ్చాక రాసే పది ఈమెయిళ్ల కంటే ఆ ఒక్క కాగితానికి విలువ ఎక్కువ.

కార్నివాల్ ట్రయంఫ్‌ను సంస్థ మరమ్మతు చేసి 2013 జూన్‌లోనే మళ్లీ సముద్రంలోకి దించింది. 2019లో దాదాపు 20 కోట్ల డాలర్లతో దాన్ని పూర్తిగా తీర్చిదిద్ది పేరు కూడా మార్చింది. ఇప్పుడు దాని పేరు 'కార్నివాల్ సన్‌రైజ్'. కొత్త పేరుతో, కొత్త రంగులతో ఆ నౌక విహారాలకు వెళుతోంది. దాన్ని ఎక్కేవారూ అందరిలాగే ముందుగా ఒక ఒప్పందాన్ని అంగీకరించాలి.